డిజైన్ ఆఫీసు వదలాలనుకునే ఆర్కిటెక్టుకు ఏ దారి నప్పుతుంది?

ఐదారేళ్ళ చదువు, ఆపైన శిక్షణ, లైసెన్సు. ఇంతా అయ్యాక ఒక రాత్రి పదకొండున్నరకి కూర్చుని, నలభై మూడో నంబరు తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికా అన్నది డోర్ షెడ్యూల్‌లో (కట్టడంలోని తలుపులన్నిటి పట్టికలో) మూడోసారి మారుస్తుంటే ‘నేను చదివింది ఇందుకా’ అనిపిస్తుంది. అలా ఎప్పుడూ అనిపించని ఆర్కిటెక్టు నాకింకా తారసపడలేదు. కొందరు పొద్దున్నే లేచి మామూలుగా ఆఫీసుకు పోతారు. కొందరు ఆ రాత్రే ఏదో ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టేస్తారు. ఈ రెంటికీ మధ్య ఊగుతున్నవాళ్ళ కోసం ఈ పోలిక.

ముందే ఒక మాట. నేను ఆరేళ్ళు డిజైన్ ఆఫీసులో పనిచేసి బిమ్ (భవనం వివరాలన్నీ ఉండే కంప్యూటర్ మోడల్) కోఆర్డినేషన్‌కి మారినవాణ్ణి. కాబట్టి ఆ భాగం చదివేటప్పుడు నా మాటను కాస్త తగ్గించి తీసుకోండి. మిగతా దారుల్లో నాతో చదివినవాళ్ళు, నాతో పనిచేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని చూసి, అడిగి విసిగించి తెలుసుకున్నవి రాస్తున్నాను.

## విసుగు దేనిమీద?

చాలామందికి విసుగు డిజైన్ మీద కాదు. అసలు డిజైన్ చేసే వంతే వాళ్ళకు రాదు. ఆఫీసులో ఒకరిద్దరు గీస్తారు. మిగతావాళ్ళంతా ఆ గీతల్ని అనుమతి డ్రాయింగులుగా, టెండర్ డ్రాయింగులుగా, వర్కింగ్ డ్రాయింగులుగా మారుస్తూ ఉంటారు. అలాంటి మనిషి ‘నాకు ఆర్కిటెక్చర్ పడలేదు’ అనుకోవడం తొందరపాటు.

నేను మారాలా వద్దా అని కొట్టుమిట్టాడుతున్నప్పుడు రెండు వారాలపాటు ఏ పనికి ఎన్ని గంటలు పోతున్నాయో ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. మొత్తం 104 గంటలు వచ్చాయి. అందులో స్కెచింగ్, డిజైన్ చర్చలు అన్నీ కలిపి 7 గంటలు. డ్రాయింగుల సవరణలు 46. మెయిళ్ళు, మీటింగులు 22. స్ట్రక్చర్, ఏసీ, ప్లంబింగ్ కన్సల్టెంట్లతో కూర్చుని వాళ్ళ లెక్కలూ మన ప్లానూ కలిసేలా చూడటం 29. ప్రతి పని పక్కన ‘బాగుంది’, ‘పర్లేదు’, ‘చంపేసింది’ అని కూడా రాసుకున్నాను. తీరా చూస్తే ‘బాగుంది’లన్నీ ఆ 29 గంటల్లోనే ఉన్నాయి, నేను గొప్పగా చెప్పుకునే ఆ 7 గంటల్లో కాదు. ఆ కాగితం చూసే దాకా నాకు ఆ సంగతి తెలియదు.

మీరూ అలా ఒకసారి రాసి చూడండి. ‘చంపేసింది’ అన్నవన్నీ ఒక మనిషి చుట్టూనో, ఒక ఆఫీసు పద్ధతి చుట్టూనో తిరుగుతుంటే వృత్తి మార్చక్కర్లేదు, ఆఫీసు మార్చండి. యాభై మంది ఉన్న చోట నుంచి ఆరుగురు ఉన్న చోటికి వెళ్తే మీకు సైటు, క్లయింటు, డిజైను మూడూ చేతికొస్తాయి. జీతం ఒక్కటే బాధైతే అది వేరే లెక్క, దానికి జవాబు కింద ఉంది.

## దేన్నిబట్టి పోల్చాలి

జీతం పట్టికలు చూసి దారి ఎంచుకున్నవాళ్ళు రెండేళ్ళలో మళ్ళీ ఇదే ప్రశ్న దగ్గరికొచ్చారు. అందుకే నేను వేరే ప్రశ్నలతో మొదలుపెడతాను.

ఇప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో కొత్త చోట ఎంత చెల్లుతుంది? సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) చదవగలగడం, ఒక గోడ ఎలా కడతారో తెలియడం, పదిమంది కన్సల్టెంట్ల మాట ఒక కొలిక్కి తేవడం మీ దగ్గరున్న సరుకు. కొన్ని దారుల్లో ఇదంతా నేరుగా పనికొస్తుంది. కొన్నింట్లో ‘ఆలోచించే తీరు పనికొస్తుంది’ అంటారు, అంటే చాలావరకు కొత్తగా మొదలుపెట్టాలని అర్థం.

ఏ మెట్టు దగ్గర మొదలవుతారు? ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఇరవై మూడేళ్ళ పిల్లల పక్కన జూనియర్‌గా కూర్చోవడం వినడానికి తేలికే. ఆ పిల్లల్లో ఒకరు మీ పని తప్పని సరిదిద్దిన రోజు గాని అసలు బరువు తెలియదు.

బాధ్యత ఎంత? సంతకం పెట్టిన ఆర్కిటెక్టు మీద కట్టడం బాధ్యత ఏళ్ళ తరబడి ఉంటుంది. కొన్ని దారుల్లో అది పూర్తిగా పోతుంది. ఆ నిద్ర విలువ చాలామంది లెక్కలోకి తీసుకోరు.

వెనక్కి రావచ్చా? లైసెన్సు రెన్యువల్ చేసుకుంటూ ఉంటే కాగితం మీద ఎప్పుడైనా రావచ్చు. కానీ నిబంధనలు మారతాయి, సాఫ్ట్‌వేర్ మారుతుంది, పరిచయాలు పాతబడతాయి. ఐదేళ్ళు పూర్తిగా దూరమైతే తిరిగి రావడం కష్టం.

ఇక చివరిది, నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చేది: చివరికి మీ చేతికి ఏం మిగులుతుంది? కట్టడం ముందు నిలబడి ‘ఇది నాది’ అనుకోవడం కొందరికి ఊపిరి. కొందరికి అవసరమే లేదు. మీరు ఏ రకమో మీకు తెలిసే ఉంటుంది.

## ఒక్క చూపులో

| దారి | పాత విద్య చెల్లుబాటు | కొత్తగా నేర్వాల్సింది | మొదలయ్యే మెట్టు | తిరిగి రావడం |
|---|---|---|---|---|
| బిమ్, కంప్యుటేషనల్ డిజైన్ | చాలా ఎక్కువ | సాఫ్ట్‌వేర్ లోతు, కొంత కోడింగ్ | దాదాపు ఇప్పటిదే | తేలిక |
| క్లయింటు తరఫు ప్రాజెక్టు నిర్వహణ | ఎక్కువ | డబ్బు, కాంట్రాక్టులు, షెడ్యూలు | ఇప్పటిదే, ఒక్కోసారి పై మెట్టు | తేలికే, కానీ రావాలనిపించదు |
| ఎనర్జీ, సస్టైనబిలిటీ | ఎక్కువ | భవన భౌతికశాస్త్రం, సిమ్యులేషన్ | ఒక మెట్టు కింద | తేలిక |
| యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడే తీరు డిజైన్ చేయడం), ప్రొడక్ట్ డిజైన్ | కొంత | యూజర్ రీసెర్చ్, ఇంటరాక్షన్ | బాగా కింద | కష్టం |
| విజువలైజేషన్, గేమ్స్, సినిమా సెట్లు | మధ్యస్థం | గేమ్ ఇంజిన్లు, కథ, వేగం | పోర్ట్‌ఫోలియోను బట్టి | మధ్యస్థం |
| బోధన, పరిశోధన | ఎక్కువ | పీజీ, చాలాచోట్ల పీహెచ్‌డీ | నెమ్మదిగా | రెండూ కలిపి చేయొచ్చు |

## బిమ్, కంప్యుటేషనల్ డిజైన్

చాలామంది దీన్ని ‘రెవిట్ ఆపరేటర్’ పని అనుకుంటారు. రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్ 2000లో వచ్చింది, 2002లో దాన్ని ఆటోడెస్క్ కంపెనీ కొనేసింది. అప్పటి నుంచి మోడల్ చేసేవాళ్ళకీ, మోడల్‌ని నడిపించేవాళ్ళకీ మధ్య తేడా పెరుగుతూనే ఉంది. నేను చెప్తున్నది రెండో రకం గురించి.

ఒక మామూలు రోజు ఇలా ఉంటుంది. స్ట్రక్చర్ వాళ్ళ మోడల్, ఏసీ వాళ్ళ మోడల్, మనది కలిపి క్లాష్ టెస్ట్ (ఒకదాన్నొకటి ఎక్కడ గుద్దుకుంటున్నాయో చూసే పరీక్ష) పెడితే 1,800 తగువులు వస్తాయి. అందులో 1,500 ఉత్తవే: పైపుకి చుట్టిన ఇన్సులేషన్ గోడని ఒరుసుకుంటోందని, అదే పైపు మూడు చోట్ల లెక్కకొచ్చిందని. అవన్నీ పక్కన పెట్టాక మిగిలేవాటిలో ఒకటి, నాలుగో అంతస్తులో 600 మి.మీ. లోతు బీమ్ మధ్యలోంచి దూసుకుపోతున్న 400 మి.మీ. డక్ట్ (ఏసీ గాలి గొట్టం). బీమ్‌కి రంధ్రం పెట్టనిస్తారా, డక్ట్‌ని వెడల్పు చేసి ఎత్తు తగ్గించాలా, లేక కారిడార్ సీలింగ్‌ని 150 మి.మీ. కిందికి దించాలా? ముగ్గురు ఇంజనీర్లు మీ ముఖం చూస్తారు. అక్కడ కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు. ఆ కారిడార్‌లో నడిచే మనిషికి తలమీద సీలింగ్ కూర్చున్నట్టు ఉంటుందని తెలిసిన ఆర్కిటెక్టు కావాలి.

2018లో ఐఎస్‌ఓ 19650 ప్రమాణం వచ్చాక పెద్ద ప్రాజెక్టుల్లో ఈ పనికి ఒక చట్రం ఏర్పడింది. ఎవరు ఏ సమాచారం ఎప్పుడు ఇవ్వాలి, ఫైళ్ళ పేర్లు ఎలా ఉండాలి, ఎవరు ఆమోదించాలి అన్నీ రాసుకుంటారు. ఇది నచ్చేవాళ్ళకి పండగ, నచ్చనివాళ్ళకి నరకం. మీ కంప్యూటర్లో ఫోల్డర్ పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని ఉంటే ఒకసారి ఆలోచించుకోండి.

కంప్యుటేషనల్ వైపు, అంటే కోడ్‌తో డిజైన్ చేసే వైపు వెళ్తే గ్రాస్‌హాపర్, డైనమో లాంటి టూల్సు, పైథాన్ భాష వస్తాయి. అటు నుంచి నిర్మాణరంగానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల్లోకి కూడా వెళ్ళొచ్చు. ఆఫీసులో పని ఎలా జరుగుతుందో తెలిసిన మనిషి వాళ్ళకి తక్కువ, కాబట్టి ప్రొడక్ట్ మేనేజర్‌గా, ట్రైనర్‌గా తీసుకుంటారు.

లోపం: క్రెడిట్ రాదు. అన్నీ సరిగ్గా అమరితే ఎవరికీ మీరు గుర్తుండరు. తేడా వస్తే మాత్రం ముందు మీకే ఫోన్.

## క్లయింటు తరఫున

జీతం ఒక్కటే బాధ అన్నవాళ్ళకి నా మొదటి జవాబు ఇదే. డెవలపర్ దగ్గరో, పెద్ద ఆసుపత్రులూ విశ్వవిద్యాలయాలూ కట్టించుకునే సంస్థల్లోనో, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీల్లోనో చేరడం. చదివింది దాదాపు అంతా చెల్లుతుంది. బిల్ ఆఫ్ క్వాంటిటీస్ (పనులు, వాటి పరిమాణాల జాబితా) చదవడం, కాంట్రాక్టర్ ఇచ్చిన క్లెయిమ్‌లో ఎక్కడ గాలి ఉందో పట్టుకోవడం అదనంగా నేర్చుకోవాలి. పీఎంపీ లాంటి ప్రాజెక్టు నిర్వహణ సర్టిఫికెట్ ఉంటే ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, ఆపైన సైటు అనుభవమే మాట్లాడుతుంది.

అయితే టేబుల్‌కి అటువైపు కూర్చోవడం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. నా స్నేహితురాలు ఒకామె ఇలా మారిన ఏడాదికే, ఖర్చు తగ్గించే మీటింగ్‌లో తన పాత బాస్ ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. పడమటి గోడకి ఆయన పెట్టిన లూవర్లు (ఎండని ఆపే పలకలు) తీసేయమని చెప్పాలి. నిజానికి ఆ లూవర్లు మొదట గీసింది ఈమే. ‘నువ్వు చెప్పు, వీటిని తీసేస్తే మధ్యాహ్నం లోపల ఎలా ఉంటుందో’ అన్నాడట ఆయన. ఆమెకి జవాబు తెలుసు. లూవర్లు తీయించి, గాజు మార్పించింది. ఆ ఉద్యోగంలోనే ఉంది, సంతోషంగానే ఉంది. ‘ఆ రోజు మాత్రం ఇంటికి నడిచి వెళ్ళాను’ అంది.

డిజైన్‌ని కాపాడాలని వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. అది సాధ్యమే, కాకపోతే లూవర్ ఎందుకు ఉండాలో ఏసీ బిల్లు లెక్కలో చెప్పగలగాలి. ‘బాగుంటుంది’ అన్న మాట ఆ గదిలో చెల్లదు.

## ఎనర్జీ, సస్టైనబిలిటీ

ఈ పేరు కింద రెండు వేర్వేరు ఉద్యోగాలు దాక్కుని ఉన్నాయి, చాలామంది తేడా తెలియకుండా చేరిపోతారు. ఒకటి సర్టిఫికేషన్ పని. బ్రిటన్‌లో 1990లో మొదలైన బ్రీమ్, అమెరికాలో 1998లో వచ్చిన లీడ్ లాంటి పర్యావరణ రేటింగుల కోసం పాయింట్లు లెక్కగట్టి, రుజువులు పోగుచేసి, ఫారాలు నింపడం. రెండోది విశ్లేషణ. ఎనర్జీప్లస్, రేడియన్స్ లాంటి ఉచిత ఇంజిన్లతో భవనంలోకి ఎంత వేడి, ఎంత వెలుతురు వస్తుందో లెక్క తేల్చి డిజైన్‌ని మార్పించడం. ఆర్కిటెక్టుకి రెండోదే నప్పుతుందని నా అభిప్రాయం. మొదటిది ఏడాది చేసి వదిలేయొచ్చు.

విశ్లేషణ వైపు వెళ్ళాలంటే భౌతికశాస్త్రంతో మళ్ళీ స్నేహం చేయాలి. యూ-వాల్యూ (గోడ, కిటికీ గుండా ఎంత వేడి దాటుతుందో చెప్పే అంకె), థర్మల్ బ్రిడ్జ్ (వేడి సులువుగా దాటిపోయే చోటు), గాలి లీకేజీ, తేమ. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదటి పాసివ్ హౌస్‌లోకి, అంటే చాలా తక్కువ ఇంధనంతో గడిచే ఇంట్లోకి జనం చేరారు. అందులో ఉన్నవి మందపాటి ఇన్సులేషన్, మంచి కిటికీలు, గాలి చొరబడని కవచం, వేడిని తిరిగి పట్టుకునే వెంటిలేషన్. మంత్రాలేమీ లేవు, వివరాలు సరిగ్గా కలవడమే. డిటెయిల్ డ్రాయింగులు గీసిన చేతికి ఇది తొందరగా అబ్బుతుంది.

కాకపోతే ఇక్కడ మీ మాట సలహా మాత్రమే. గాజు తగ్గించమంటారు, తగ్గించరు. వాళ్ళు తగ్గించని గాజుకి మీరు రిపోర్టు రాయాలి. అది తట్టుకోగలిగితే మంచి దారి, తిరిగి డిజైన్‌లోకి వచ్చినా మీ విలువ పెరుగుతుంది తప్ప తగ్గదు.

## యూఎక్స్, ప్రొడక్ట్ డిజైన్

అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే. బంధుత్వం కూడా పాతదే. ‘ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్ట్’ అన్న మాటను 1976లో ప్రచారంలోకి తెచ్చిన రిచర్డ్ సాల్ వర్మన్ ఆర్కిటెక్టే. 1984లో టెడ్ సభలు మొదలుపెట్టినవాళ్ళలోనూ ఆయనే ఉన్నారు. ఆర్కిటెక్టు క్రిస్టఫర్ అలెగ్జాండర్ 1970లలో భవనాల గురించి చెప్పిన ‘ప్యాటర్న్’ల (మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే సమస్యలకి పరిష్కార నమూనాల) ఆలోచనని సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ తర్వాత తమ పనికి అరువు తెచ్చుకున్నారు.

ఇవి విని ఉత్సాహపడి ‘నేను కూడా స్పేస్ డిజైన్ చేసినవాణ్ణే కదా’ అంటే ఇంటర్వ్యూలో పని జరగదు. వాళ్ళు అడిగేది ఒకటే: మీరు అనుకున్నది తప్పని ఎప్పుడు తేలింది, తేలాక ఏం చేశారు? మన చదువులో జ్యూరీ (పని చూసి ప్రశ్నలు వేసే పెద్దలు) ముందు డిజైన్‌ని సమర్థించుకోవడం నేర్పారు. ఇక్కడ ఐదుగురు మనుషుల ముందు స్క్రీన్ పెట్టి, వాళ్ళు బటన్ కనిపించక తడుముకుంటుంటే నోరు మూసుకుని చూడటం నేర్చుకోవాలి. అలవాటు మార్చుకోవడానికి సమయం పడుతుంది.

పోర్ట్‌ఫోలియోలో ఆసుపత్రి ప్రాజెక్టు ఉందనుకోండి. రెండరింగులు (కట్టడం ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు) తీసేయండి. ‘ఓపీ కౌంటర్ దగ్గర రోగులు రెండుసార్లు క్యూ కడుతున్నారని గమనించాను, ఎందుకో అడిగాను, దారి ఇలా మార్చాను, మళ్ళీ చూస్తే ఇంకో చోట ఇరుకైంది’ అని రాయండి. అదే ప్రాజెక్టు, వేరే కథ. ఇలాంటివి రెండు రాయగలిగితే ముందుకెళ్ళండి. రాయలేకపోతే కోర్సు ఫీజు కట్టడానికి ఇంకా టైముంది.

మొదటి ఉద్యోగమే ఇక్కడ కష్టం. జూనియర్ స్థాయిలో పోటీ విపరీతం, కోర్సులు చేసి వచ్చేవాళ్ళు ఎక్కువ. చేతిలో కొన్ని నెలల ఖర్చులు లేకుండా దూకొద్దు.

## విజువలైజేషన్, గేమ్స్, సినిమా

కేవలం రెండరింగులు చేసే పనిని ఇవాళ ఎవరికీ సిఫార్సు చేయను. బొమ్మలు గీసే ఏఐ వచ్చాక ‘సాయంత్రం వెలుగులో ఒక వ్యూ’ అన్న పని ధర పడిపోతోంది. అన్‌రియల్, యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్లలో నడిచి తిరగగలిగే చోట్లు కట్టడం వేరే సంగతి. గేమ్ లెవెల్ డిజైన్‌లో మొదట ఆకారాలన్నీ బూడిద రంగు పెట్టెలుగా పెట్టి, ఆటగాడు ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ తిరిగి చూస్తాడు అని పరీక్షిస్తారు. మాసింగ్ మోడల్ (భవనం మొత్తం ఆకారాన్ని మాత్రమే చూపే మోడల్) చేసినవాళ్ళకి ఇది అమ్మమ్మగారింటికి వచ్చినట్టే ఉంటుంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోవడానికి అడ్డంకి కోరిక లేకపోవడం ఒక్కటే.

సినిమా సంగతికొస్తే పేర్లు గొప్పవే. జేమ్స్ బాండ్ సినిమాల సెట్లు వేసి, వేరే చిత్రాలకి రెండు ఆస్కార్లు తెచ్చుకున్న కెన్ ఆడమ్ లండన్‌లో ఆర్కిటెక్చర్ చదివారు. దర్శకుడు జోసెఫ్ కోసిన్‌స్కీ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చేశారు. పేర్లు పక్కన పెట్టి రోజువారీ పని చూస్తే, ఆర్ట్ డిపార్ట్‌మెంటులో మొదట మీరు గీసేది సెట్ వర్కింగ్ డ్రాయింగులే. డోర్ షెడ్యూల్ నుంచి పారిపోయి వస్తే ఇక్కడ ఇంకో డోర్ షెడ్యూల్ ఉంటుంది, ఈ తలుపు మాత్రం మూడు వారాలు నిలబడితే చాలు. ఒక ప్రాజెక్టు అయ్యాక ఇంకోటి దొరికే దాకా ఆదాయం ఉండదు. డెడ్‌లైన్ టెన్షన్ వద్దనుకుని వచ్చేవాళ్ళకి ఇది దారి కాదు.

## బోధన, ఇంకా మిగతావి

బోధనని ‘ఇంకేమీ కుదరకపోతే’ అనే జాబితాలో పెట్టకండి, అలా వచ్చినవాళ్ళని పిల్లలు మొదటి వారంలోనే పట్టేస్తారు. వారానికి రెండు రోజులు స్టూడియో చెప్తూ మిగతా రోజులు సొంత పని చేసుకోవడం మాత్రం నేను చూసిన ఏర్పాట్లలో చక్కనిది. జీతం తక్కువే, బుర్ర చురుగ్గా ఉంటుంది.

ఫ్యాషన్, ఫర్నిచర్, సొంత వస్తువుల వ్యాపారం గురించి అడిగేవాళ్ళు వర్జిల్ అబ్లో పేరు తెస్తారు. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్కిటెక్చర్ పీజీ చేసి 2018లో లూయి విట్టాన్ పురుషుల దుస్తుల విభాగానికి అధిపతి అయ్యారాయన. నిజమే. కానీ అది వ్యాపారం, దాన్ని ఉద్యోగాలతో పోల్చడం కుదరదు కాబట్టి పట్టికలో చేర్చలేదు.

## మీరెక్కడున్నారు?

రెండు మూడేళ్ళ అనుభవమే ఉంటే కింది మెట్టు మీకు పెద్ద నష్టం కాదు. యూఎక్స్ అయినా గేమ్స్ అయినా ఇప్పుడే ప్రయత్నించండి. ఒక్కటే షరతు, లైసెన్సుకి దగ్గర్లో ఉంటే అది తెచ్చుకునే వెళ్ళండి. తర్వాత మళ్ళీ పరీక్షలకి కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

పదేళ్ళు దాటి, ఇంటి ఖర్చులు మీ జీతం మీదే నడుస్తుంటే క్లయింటు తరఫు ఉద్యోగమో, బిమ్ మేనేజ్‌మెంటో చూడండి. ఈ రెండింట్లోనూ మీ పదేళ్ళు పదేళ్ళుగానే లెక్కకొస్తాయి.

మధ్యలో ఉండి, డిజైన్ మీద ఇంకా మమకారం చావనివాళ్ళకి ఎనర్జీ విశ్లేషణ. వెళ్ళిపోయినట్టూ ఉంటుంది, వెళ్ళనట్టూ ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్ళై రోజూ సైటుకి తిరగలేనివాళ్ళు కూడా దీన్నీ బిమ్‌నీ చూడొచ్చు, రెండూ చాలావరకు ఇంటి నుంచి నడుస్తాయి.

ఏది ఎంచుకున్నా రాజీనామాకి ముందు ఒక పని చేయండి. ఆ రంగంలో మూడు నాలుగేళ్ళుగా ఉన్న మాజీ ఆర్కిటెక్టు ఎవరినైనా పట్టుకుని పావుగంట అడగండి. ‘మీ ఫీల్డ్ ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. ‘నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు’ అని అడగండి. వాళ్ళు చెప్పే జాబితాలో ఏవి మీ పుస్తకంలో ‘బాగుంది’ పక్కన ఉన్నాయో, ఏవి ‘చంపేసింది’ పక్కన ఉన్నాయో లెక్కపెట్టుకోండి.